పదికి తొమ్మిదిన్నర

ఢిల్లీ నగరానికి వెలుగు తెచ్చినవాళ్లలో నేనొకణ్ణి. ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంట్ల మధ్య పార్కులో పొద్దున నడకకు వచ్చే ఏ పెద్దమనిషిని అడిగినా ఈ మాట చెబుతాడు. ఎందుకంటే వాళ్లందరికీ చెప్పింది నేనే. ముప్ఫై నాలుగేళ్లు ప్రభుత్వ ప్రయోగశాలలో దీపాల మీద పని చేశానని, నా సంతకం లేకుండా ఒక్క బల్బు కూడా గుమ్మం దాటేది కాదని వాళ్లకు బాగా తెలుసు. ఇందులో సంతకం మాట నిజం. నేను ఆ ప్రయోగశాలలో స్టోర్‌కీపర్‌ని. బల్బు లోపలికి వచ్చినప్పుడొక సంతకం, బయటికి వెళ్లినప్పుడొక సంతకం.

అసలు పరిశోధకురాలు మా కోడలు. కరీంనగర్ వైపు పిల్ల. మావాడు కేంద్ర ప్రభుత్వ ఇంజనీరు. అరుణాచల్‌లో ఏదో ఆనకట్ట పని మీద ఉండి మూడు నెలలకోసారి వచ్చి వెళుతుంటాడు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురం: నేను, మా ఆవిడ, కోడలు. సరోజినీ నగర్ క్వార్టర్ ఖాళీ చేసినప్పటి నుంచీ ఈ తొమ్మిదో అంతస్తు ఫ్లాటే మా లోకం.

ఆమె చేసే పని నాకు మొదటిసారి చెప్పినప్పుడు నేను సగం విని తక్కిన సగం ఊహించుకుని, మర్నాడే పార్కులో పూర్తిగా చెప్పేశాను. ఇప్పుడు మాత్రం ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. సముద్రపు నీళ్లలో ఒక జాతి ఏకకణ జీవులు ఉంటాయి. కదిపితే నీలంగా మెరుస్తాయి, కదపకపోతే చీకటిగా ఉంటాయి. మా స్టోర్‌లోని పాత బల్బులు వెలుగు కంటే వేడే ఎక్కువ ఇచ్చేవి, చెయ్యి తగిలితే బొబ్బ లేచేది. ఈ జీవుల వెలుగులో వేడనేదే లేదు. ఎంత తాకిడికి ఎంత వెలుగు ఇస్తాయో కొలిచి, ఆ కిటుకు పట్టుకుని, మెట్ల అంచుకి అతికించే పట్టీ ఒకటి తయారు చెయ్యాలని ఆమె ప్రయత్నం. కాలు పడితే వెలగాలి, కాలు తీస్తే ఆరాలి. తీగ వద్దు, కరెంటు వద్దు.

"మన బిల్డింగ్‌ల లిఫ్ట్ ఆగినప్పుడు అత్తమ్మ గోడ పట్టుకుని దిగుతది చూడుండ్రి, గా మెట్లకు కావాలె," అనేది.

దానికోసం ఆమె రెండేళ్లు కష్టపడి ఆ జీవుల్లో ఒక వంశాన్ని పెంచింది. మామూలువి చల్లదనం లేకపోతే చచ్చిపోతాయి. ఈమెవి కొంచెం వెచ్చదనానికి ఓర్చుకునేవి. మేలో ఢిల్లీ ఎండకు కాదు గానీ, మనుషులు కూర్చోగలిగే గది వేడికి. అదే ఆమె చేసిన గొప్ప. ప్రాజెక్టు గడువు జూన్‌తో ముగుస్తుంది. మే చివర్లో ఒక కమిటీ కూర్చుని ఇంకో రెండేళ్లు ఇవ్వాలా వద్దా తేలుస్తుంది. ఆ కమిటీ ముందు ఆమె పట్టీ పక్కన ఆ జీవులు బతికి మెరవాలి. పొడిగింపు రాకపోతే ఉద్యోగం పోతుంది. ఇలాంటి ఉద్యోగాలకు వయసు పరిమితి ఉంటుంది, ఆమె దాని అంచున ఉంది.

ఏప్రిల్‌లో వాళ్ల సంస్థలో ఏసీ రెండుసార్లు మొరాయించేసరికి, ముందు జాగ్రత్తగా మూడు గాజు కుప్పెలు ఇంటికి తెచ్చింది. నా గదిలో ఏసీ ఉంది కాబట్టి నా బట్టల అలమరలో ఒక అర ఖాళీ చేయించి, అందులో చిన్న దీపం, దానికొక టైమరు పెట్టింది. వాటికి రాత్రి అయితేనే మెరుస్తాయట. కమిటీ కూర్చునేది పగలు పదకొండింటికి. అందుకని వాటి రోజునే తిరగేసింది. మేం నిద్రపోతున్నప్పుడు అలమరలో వాటికి ఎండ కాసేది, మేం కాఫీ తాగే వేళకు వాటికి చీకటి పడేది. నా చొక్కాలు, పంచెలు వరండాలో తాడు మీదికి వెళ్లిపోయాయి. మా ఆవిడ మే నెలలో మంకీ క్యాప్ పెట్టుకుని శాలువా కప్పుకుని పడుకునేది.

"బయట నలభై నాలుగు డిగ్రీలండీ. నేను మాత్రం కాపురం ఊటీలో చేస్తున్నాను. ఎవరికైనా చెప్తే నమ్ముతారా?"

"పరిశోధకుడి భార్యవి, ఆ మాత్రం భరించాలి."

"పరిశోధకురాలి అత్తగారిని. అందుకే భరిస్తున్నాను."

పగటిపూట ఇంట్లో ఉండేవాణ్ణి నేను కాబట్టి చూసే పని నాకు అప్పగించింది. రోజూ పదకొండింటికి ఒక కుప్పె తీసుకుని స్నానాలగదిలోకి వెళ్లాలి. దీపం ఆర్పి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కాలి. పదిహేను నిమిషాలు చీకట్లో కూర్చుని కళ్లను అలవాటు చేసుకోవాలి. అప్పుడు కుప్పెను గుండ్రంగా ఒక్కసారి, నెమ్మదిగా తిప్పాలి. వెలుగుకి పదికి ఎంతో మార్కు వెయ్యాలి. పదకొండున్నరకు ఆమె ఫోన్ చేస్తుంది, నేను చెప్పింది నోటుబుక్కులో రాసుకుంటుంది. మూత తియ్యకూడదు, గట్టిగా ఊపకూడదు.

"మీతో అయితదా మామయ్యా?" అని అడిగింది.

"సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణమ్మా, నాకా చెప్తున్నావు? చిన్నప్పుడు మా రేవులో అలలు ఇలాగే నీలంగా వెలిగేవి. పడవ వెనక వెలుగు చారలా వచ్చేది. మా నాన్న భుజం మీద కూర్చుని చూసేవాణ్ణి."

ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. ఏ నెలలో, ఎంతసేపు, నీలమా పచ్చా అని అడిగి, నేను చెప్పిందంతా నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకుంది. కళ్లారా చూసిన మనిషి మాట చాలా విలువైనదని అంది. నేను ఆకుపచ్చ కలిసిన నీలం అని కూడా చెప్పాను. ఆ వివరం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

మొదటి రోజు కుప్పె తిప్పినప్పుడు ఏం చూశానో చెప్పాలి. గ్యాస్ పొయ్యి బాగా తగ్గించినప్పుడు బర్నరు చుట్టూ కనిపించే నీలం ఉంటుంది కదా, ఆ నీలం నీళ్లలో పుట్టి, గుండ్రంగా తిరిగి, నాలుగు క్షణాల్లో లేకుండా పోయింది. నేను చాలాసేపు లేవలేకపోయాను. ముప్ఫై నాలుగేళ్లు దీపాల మధ్య తిరిగినవాణ్ణి, వెలుగును చూసి నోరు పడిపోవడం అదే మొదలు. ఆమె ఫోన్ చేస్తే "పదికి పది" అన్నాను. ఆ రోజు అది నిజం.

ఇక పార్కులో ఆగుతానా? పక్క ఫ్లాట్‌లో ఒక పంజాబీ ఆయన ఉంటాడు, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. నేను చెప్పేవాటిలో సగానికి తల ఊపి, సగానికి నవ్వుతాడు. "అరే భాయీ సాహబ్, బాథ్‌రూమ్ మే సమందర్?" స్నానాలగదిలో సముద్రమా అని నలుగురి ముందూ నవ్వాడు. రా, చూపిస్తానన్నాను. మే మొదటి వారంలో ఒకరోజు పదకొండింటికి ఇద్దరం స్నానాలగదిలో చేరి తలుపు వేసుకున్నాం. ఆయన కమోడ్ మూత మీద, నేను పీట మీద.

పది నిమిషాలకు బయటి నుంచి మా ఆవిడ గొంతు. "ఇద్దరు మగాళ్లు అంతసేపు ఏం చేస్తున్నారు లోపల? పనమ్మాయి వచ్చే వేళయింది, చూస్తే ఏమనుకుంటుంది?"

"భాభీజీ, సైన్స్ చల్ రహా హై!" అని అరిచాడాయన.

నేను కుప్పెను చెప్పినట్టే నెమ్మదిగా తిప్పాను. నీలం వచ్చింది, పోయింది. చీకట్లో ఆయన అన్నాడు: "బస్? ఇత్నా సా?"

ఇంతేనా అన్న ఆ ఒక్క మాట నన్ను పొడిచేసింది. మజ్జిగ సీసా ఊపినట్టు రెండు చేతులతో ఊపాను. గదంతా వెలిగిపోయిందని, ఆయన ముఖం, కుళాయి, బకెట్టు అన్నీ కనిపించాయని తర్వాత అందరికీ చెప్పాను. బకెట్టు కనిపించలేదు. ఆయన పళ్లు కనిపించాయి. ఆ క్షణంలోనే దూది బిరడా ఊడి, మూడో వంతు నీళ్లు నేల మీద పడ్డాయి. టైల్స్ మీద ఆ నీళ్లు పారుతూ మెరిశాయి. మెరుస్తూనే జాలీ వైపు వెళ్లి, జాలీలోంచి దిగిపోయాయి. "వాహ్!" అన్నాడు పక్కింటాయన. ఆయనకేం తెలుసు?

ఆయన్ని పంపించేసి నేను చేసిన పని స్టోర్‌కీపర్ తప్ప ఇంకెవరూ చెయ్యరు. ఆడిట్ వస్తుందనగానే మేం స్టోర్‌లో చేసేదొకటి ఉంది. ఒక డబ్బాలో సరుకు తగ్గితే పక్క డబ్బాల్లోంచి కాస్త కాస్త తీసి, అన్నీ ఒకే ఎత్తులో కనిపించేట్టు సర్దుతాం. లోటు ఒక్కచోట కనిపిస్తే అడుగుతారు, అంతటా పరుచుకుంటే ఎవరి కంటా పడదు. అలవాటైన చెయ్యి. మంచిగా ఉన్న రెండు కుప్పెల్లోంచి తగ్గినదాంట్లోకి పోశాను. మూడూ సమానమయ్యాయి గానీ మూడూ కుప్పె మీద ఆమె గీసిన గీతకు కొంచెం కిందికి వచ్చాయి. ఆ కొంచెం కోసం వంటింట్లోకి వెళ్లి, ఫిల్టరు నీళ్లలో చెంచాలతో ఉప్పు కలిపి, నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూసుకుని, సముద్రమే అని తీర్మానించి, మూడింట్లోనూ గీత దాకా పోశాను.

ఒక్కదానికి పట్టిన గతిని మూడింటికీ పట్టించింది ఆ సర్దుబాటే. ఊరుకుని ఉంటే రెండు మిగిలేవి.

మర్నాడు పెద్దగా తేడా తెలియలేదు. మూడో రోజుకు నీలం పలచబడింది. పదికి ఆరనుకుంటే ఎక్కువ. ఫోన్ మోగింది.

"మామయ్యా, ఎంత?"

"తొమ్మిదిన్నర."

ఆ అర ఎందుకు తగ్గించానంటే, పది అంటే నమ్మరు, తొమ్మిదంటే కంగారు పడతారు, తొమ్మిదిన్నర అంటే శ్రద్ధగా చూసి చెప్పినట్టు ఉంటుంది. రేపటికి అవే కోలుకుంటాయి, అప్పుడు నిజం చెప్పినట్టే అవుతుందని నా లెక్క. మర్నాడు నాలుగు. తొమ్మిది అన్నాను. ఆ పై రోజు మూడు. తొమ్మిదిన్నర.

ఇంతలో వరసగా సెలవులొచ్చి, కోడలు పుట్టింటికి వెళ్లి అక్కడి నుంచే ఫోన్ చేసింది. ఆ సెలవుల్లో వాళ్ల సంస్థలో ఏసీ మొత్తానికే ఆగిపోయింది. సోమవారం ఉదయం తలుపు తీసేసరికి అక్కడున్న కుప్పెలన్నీ ఉడికిపోయి ఉన్నాయట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే చెప్పింది. మా ఆవిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"అక్కడియి అన్ని పోయినయి అత్తమ్మా. ఏం ఫికర్ చెయ్యకుండ్రి, ఇంట్ల మూడు మంచిగున్నయి." నా వైపు తిరిగింది. "ఇయ్యాల ఎంత అన్నరు?"

"తొమ్మిదిన్నర."

ఆ రోజు నేను చూసింది రెండు.

"వైజాగ్‌ల మా దోస్తు దగ్గర గూడ ఇయే ఉన్నయి. పోయినేడు నేనే ఇచ్చిన. వాళ్ల ల్యాబ్ గురువారం నుంచి రిపేర్‌కు మూస్తున్నరట. పంపియ్యాల్నా, పారబొయ్యాల్నా అని అడుగుతున్నది. ఏం చెయ్యమంటరు?"

నన్ను అడిగింది. ఇంత చదువుకున్న పిల్ల, నా ముఖం చూసి నన్ను అడిగింది. పంపించమను అనడానికి ఒక్క మాట చాలు, తప్పు ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఎందుకైనా మంచిది తెప్పించు అంటే సరిపోయేది. కానీ అలా అంటే నా తొమ్మిదిన్నర మీద నాకే నమ్మకం లేనట్టు అవుతుందేమోనని భయపడ్డాను.

"దండగమ్మా. ఇంత ఎండలో దార్లో బతుకుతాయా? మన దగ్గర ఉండగా ఎందుకు?"

"నేను గదే అనుకున్న. ఠీక్ హై." కంచం ముందు కూర్చుంటూ అంది: "మీరున్నరు కాబట్టి నాకు నిద్ర వడ్తున్నది మామయ్యా."

కమిటీకి తొమ్మిది రోజులు ఉంది. గురువారానికి మూడు.

మంగళవారం నడి ఎండలో ఆటో ఎక్కి అలంకారపు చేపలమ్మే దుకాణానికి వెళ్లాను. సముద్రపు చేపలు పెంచేవాళ్లు నీళ్లు ఎలా తయారు చేసుకుంటారో కనుక్కుందామని. కొట్టతను కుర్రతనం దాటినవాడు, ఓపిగ్గా విన్నాడు. నేను వాటికి ఏ ఉప్పు వేశానో చెప్పగానే చేతిలోని వల కింద పెట్టాడు.

"అంకల్, ఘర్ కా నమక్? ఆయోడీన్ వాలా?"

ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పేనా అని. అవునన్నాను. ఆ కొంచెం నీళ్లకు అసలు ఉప్పే వెయ్యక్కర్లేదని, కుప్పెలో ఉప్పు ముందే ఉందని, పైగా ఇంటి ఉప్పులో కలిపేవి వీటికి విషమని హిందీలో విడమరిచి చెప్పాడు. చివర, నన్ను ఓదారుస్తున్నట్టు, "అబ్ తక్ తో మర్ గయే హోంగే," అన్నాడు. ఈపాటికి చచ్చిపోయి ఉంటాయని. సముద్రపు ఉప్పు పొట్లం ఒకటి కొనుక్కుని, అతను చెప్పిన కొలతతో కొత్త నీళ్లు చేసి, ఒక కుప్పెలో సగం మార్చి చూశాను. దాంతో అందులో ఉన్న ఆ కాస్తా పోయింది.

అంటే మంగళవారం మధ్యాహ్నానికే నాకు తెలుసు. ఫోను నా జేబులో ఉంది. బుధవారమంతా ఉంది. గురువారం ఉదయం కూడా ఉంది. వైజాగ్‌లో ఆ అమ్మాయి ఇంకా కుప్పెలు పారబోసి ఉండదు, గట్టిగా ఒక కేక పెడితే ఆగుతుంది అనుకుంటూ, కేక పెట్టకుండా కూర్చున్నాను.  కారణం భయం అంటే చిన్న మాటైపోతుంది. పదకొండున్నరకు ఫోన్ వచ్చేది, నా నోరు నన్నడక్కుండా తొమ్మిది అనేది. గురువారం సాయంత్రం కోడలు మాటల మధ్యలో, "దోస్తు పారబోసిందట, పాపం బాధపడ్డది," అంది. నేను పెరుగన్నం కలుపుకుంటున్నాను. కలుపుతూనే ఉన్నాను.

శుక్రవారం స్నానాలగదిలో గంట కూర్చున్నాను. ఏమీ లేదు. తల్లీ, అమ్మా అని ఆ గాజు కుప్పెలను బతిమాలాను. శనివారం పదకొండింటికి మళ్లీ కూర్చుంటే తలుపు తోసుకుని మా ఆవిడ వచ్చింది. తలుపు వేసి, తువ్వాలు తనే కుక్కి, బకెట్టు బోర్లించుకుని నా పక్కన కూర్చుంది. పదిహేను నిమిషాలయ్యాక, "తిప్పండి," అంది.

తిప్పాను.

"ఇంకోటి."

మూడూ తిప్పాను. చీకటి చీకటిగానే ఉంది.

"ఆ పిల్లకి ఎంత చెప్పారు?"

"నిన్న తొమ్మిది."

"సైంటిస్టునని చెప్పి మా నాన్నని మోసం చేసి నన్ను చేసుకున్నప్పుడు కూడా నాకింత కోపం రాలేదండీ. అప్పుడు నష్టపోయింది నేనొక్కదాన్నే." లేచి తువ్వాలు లాగి తలుపు తీసింది. "మీరు చెప్తారా, నేను చెప్పనా?"

శనివారం ఆమెకు ఒంటిపూట. మూడింటికి వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుని నీళ్లు తాగుతోంది. నేను నిలబడే ఉన్నాను.

"ఇయ్యాల ఫోన్ ఎత్తలేదేంది మామయ్యా? ఎంత?"

"సున్నా అమ్మా."

"పరాచికాలొద్దు. మస్తు అలసిపోయి వచ్చిన."

"సున్నా. నిన్నా సున్నానే. మొన్న కూడా."

గ్లాసు బల్ల మీద పెట్టింది. పక్కింటాయన, మజ్జిగ సీసా, ఉప్పు, సర్దుబాటు అన్నీ చెప్పాను. చెప్పేటప్పుడు కూడా ఒకచోట, చెయ్యి జారింది అనబోయి, మా ఆవిడ ముఖం చూసి, ఊపాను అన్నాను. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. లేచి వెళ్లి నోటుబుక్కు, ఎర్ర పెన్ను తెచ్చుకుంది.

"కూసోండ్రి. ఏ రోజు ఎంతనో చెప్పుండ్రి."

"ఇప్పుడెందుకమ్మా..."

"మీరు చెప్పినయి నేను రాసిన. అది తప్పు రికార్డ్. కమిటీకి చూపియ్యాలె. ఊపిన తెల్లారి?"

"తొమ్మిదిన్నర అన్నాను."

"అన్నది కాదు మామయ్యా. చూసింది."

"ఏడెనిమిది ఉండొచ్చు."

"ఏడా, ఎనిమిదా?"

అలా ఒక్కొక్క రోజూ. నేను చెప్పడం, ఆమె నా తొమ్మిదుల మీద ఎర్రగీత కొట్టి పక్కన రాయడం. సోమవారం దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్ను ఆగింది. "రెండు," అన్నాను. ఆ సాయంత్రం ఇదే బల్ల దగ్గర తను నన్ను ఏమడిగిందో ఇద్దరికీ గుర్తుంది. ఆమె రెండు అని రాసింది. చివరికి వచ్చాక పేజీలు వెనక్కి తిప్పి మొదటి పేజీ తీసింది.

"మరి గా సముద్రం?"

మా ఊరికీ సముద్రానికీ మధ్య అరవై కిలోమీటర్లు. ఇరవై రెండేళ్లప్పుడు కాకినాడలో బంధువుల పెళ్లికి వెళ్లి, పట్టపగలు, చీలమండల లోతున ఒకసారి నిలబడ్డాను. అల వస్తే భయపడి వెనక్కొచ్చేశాను.

"చూళ్లేదమ్మా. ఎప్పుడూ చూళ్లేదు. నేను చూసింది నీ కుప్పెలోనే."

ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసింది. అప్పుడు ఏడ్చింది. మా ఆవిడ వెళ్లి తల పట్టుకుంటే, "రెండేండ్లు అత్తమ్మా," అని ఒక్కటే మాట.

ఆదివారం ఆమె సంస్థ నుంచి చిన్న మైక్రోస్కోపు తెచ్చింది. ఈ జాతి కణం ఒక్కోటి పెద్దది, బతికున్నది ఒక్కటున్నా చీకట్లో సూదిమొనంత మెరుపు కనిపిస్తుందని, అడుగున పేరుకున్న మడ్డిలో ఏమైనా మిగిలాయేమో వెతకాలని చెప్పింది. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా స్నానాలగదిలో ఆ మడ్డిని పలచగా గాజు పళ్లేల్లో పరిచి, తట్టి, చూసి, మెరుపు వచ్చినచోట గుర్తు పెట్టి, బయటికి తెచ్చి, సన్నటి గాజు గొట్టంతో ఒక్కొక్కదాన్నే పీల్చి, మంచి నీళ్లున్న చిన్న పళ్లెంలో వదిలింది. నాతో అవసరమైనంతే మాట్లాడింది: పట్టుకోండ్రి, జరగండ్రి, ఊపిరి బిగపట్టుండ్రి. సాయంత్రానికి పదకొండు కణాలు దొరికాయి. ఒక్కోటి రెండు కావాలంటేనే వారం పడుతుందట. కమిటీ బుధవారం.

నేనూ వస్తాను, తప్పు నాదని నేనే వాళ్లకు చెబుతానని అన్నాను.

"వద్దు మామయ్యా. మీరు చెప్తే అది ఇంకోటేదో అయితది."

ఆ మాట నాకు న్యాయమే. బుధవారం ఆమె ఒక్కతే వెళ్లింది. సాయంత్రం వచ్చి మా ఆవిడకు చెబుతుంటే వరండాలో నా పంచెల వెనక నిలబడి విన్నాను. పట్టీ చూపించిందట, బాగుందన్నారట. బతికున్నవి ఏవని అడిగితే ఎర్రగీతల నోటుబుక్కు వాళ్ల ముందు పెట్టిందట. ఎవరు చూసి వేసిన మార్కులివి అని ఒకాయన అడిగాడట. నా బాధ్యతే, ఇంట్లో పెట్టింది నేనే అని చెప్పిందట.

రెండేళ్లు ఇవ్వలేదు. మూడు నెలలు ఇచ్చారు, జీతం లేకుండా. బల్ల వాడుకోవచ్చు. ఆగస్టు చివరికి ఆ వంశం కొలవడానికి సరిపడా పెరిగితే మళ్లీ అడగొచ్చు. పెరగకపోతే అడగడానికి వయసు ఉండదు. ఇంకో జాతితో మొదలుపెట్టడానికి రెండేళ్లు కావాలి, ఆ రెండేళ్లు ఆమెకు ఎవరూ ఇవ్వరు.

మావాడు ఫోన్ చేసి నాతో మాట్లాడలేదు. వాళ్లమ్మతో మాట్లాడి పెట్టేశాడు.

మళ్లీ ఎవరు చూడాలన్న ప్రశ్న వచ్చింది. ఆమె పగలంతా సంస్థలో పట్టీ మీద పని చెయ్యాలి. మా ఆవిడ కళ్లకు ఇంకా ఆపరేషన్ కాలేదు, సూదిమొన మెరుపు ఆమెకు కనపడదు. నాకు రెండు కళ్లకూ అయింది. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు పొద్దున ఆమె ఆఫీసుకు వెళుతూ, గుమ్మం దగ్గర, నా వైపు చూడకుండా అంది: "పదకొండింటికి చూడుండ్రి. మార్కులొద్దు. ఎన్ని మెరిసినయో లెక్క."

ఇది రాస్తూ పైన పదకొండు కణాలు దొరికాయని రాశాను. ఎనిమిది. ఎనిమిదంటే చదివేవాళ్లకు మరీ తక్కువగా అనిపిస్తుందేమోనని చెయ్యి పదకొండు రాసింది. కొట్టెయ్యకుండా అలాగే ఉంచాను, నా చెయ్యి ఎలాంటిదో తెలియాలి కదా.

ఆ ఎనిమిదిలో రెండు మొదటి వారంలోనే పోయాయి. ఆరు మిగిలాయి. ఆరు ఇంతవరకూ ఏడు కాలేదు. పక్కింటాయన పార్కులో, "సమందర్ కా క్యా హాల్ హై?" అని, సముద్రం ఎలా ఉందని అడిగితే నేను నడక దారి మార్చుకున్నాను.

ఈ రోజు పదకొండింటికి పళ్లెం తీసుకుని కూర్చున్నాను. పదిహేను నిమిషాలు కాదు, ఇరవై అయిదు. వేలితో పళ్లెం అంచును తట్టాను. ఒకటి. ఎడమవైపు రెండు దగ్గర దగ్గరగా. మధ్యలో ఒకటి. అంచున ఒకటి. ఆరోదాని కోసం కనురెప్ప వెయ్యకుండా చూశాను. ఎక్కువ తడితే అలిసిపోతాయని ఆమె చెప్పింది కాబట్టి మళ్లీ తట్టలేదు. చాలాసేపు చూస్తే చీకట్లో ఎక్కడ కావాలంటే అక్కడ మెరుపు కనిపించడం మొదలైంది, అందుకని కళ్లు మూసుకున్నాను. తొడ మీద ఫోను వణికింది.

"మామయ్యా. ఎన్ని?"

"అయిదు."

"నిన్న ఆరు కదా."

"ఆరే. ఇవాళ అయిదమ్మా."

అటువైపు కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు.

"ఆరోది అలిసిపోయిందేమో. రెండు మూడుసార్లు మెరిస్తే గట్లనే ఉంటది ఒక్కోసారి," అంది. ఆ మాట నాకు చెప్పిందో తనకు చెప్పుకుందో తెలియలేదు. నేను అవునని అనలేదు.

"మూత పెట్టి లోపల పెట్టుండ్రి. టైమర్ చూసుండ్రి."

"చూస్తాను," అన్నాను.